పన్నెండో పలక

సన్యాసిరావు రోజూ తెల్లవారగానే తలస్నానం చేసి, నుదుట నామం దిద్దుకుని, కొండెక్కి వెళ్ళి ఒక చుట్ట వెలిగిస్తాడు. తను తాగడానికి కాదు. పేరుకు సన్యాసే గానీ ఇల్లూ వాకిలీ, భార్యా పిల్లలూ ఉన్న సంసారి. జన్మలో పొగాకు ముట్టినవాడు కాదు. విశాఖలో సముద్రానికి ఎదురుగా కొండమీద ఉన్న పరిశోధనాలయంలో అది అతని ఉద్యోగం.

చుట్టని గాజుగొట్టంలో నిలబెట్టి వెలిగిస్తే, చిన్న పంపు దాన్ని మనిషి లాగినట్టే లాగుతుంది. పొగ బుడగలు బుడగలుగా నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీళ్ళు పసుపు తిరిగాక ఒకే ఒక్క చుక్క తీసి పన్నెండో నంబరు పలకలో వేస్తాడు. ఆ పలకలో బతుకుతున్నది అతని అక్క కొండమ్మ కాలేయం.

అక్క భీమిలి అవతల ఒక పల్లెలో, తన ఇంట్లో, తన కాలేయంతో క్షేమంగానే ఉంది. ఆమె చేతినుంచి చెంచాడు రక్తం తీశారు. అందులో కణాలను వెనక్కి నడిపించి, పసికూనలను చేసి, మళ్ళీ కాలేయపు కణాలుగా పెంచారు. వాటిని రూపాయి బిళ్ళంత గాజుపలకలో, కాలేయంలో ఏ వరసలో ఉంటాయో అదే వరసలో కూర్చోబెట్టారు. ఆరు మూలల గది. ఆరు మూలల్లోనూ ఆరు గుమ్మాలు. రక్తంలాంటి ద్రవం ఆ గుమ్మాల్లోంచి వచ్చి, కణాల వరసల మధ్యగా పారి, నడిమధ్యనున్న చిన్న బావిలోకి జారి బయటికి పోతుంది. మన కాలేయం నిండా ఇలాంటి గదులు లక్షలున్నాయని డాక్టర్ మైథిలి చెప్పినప్పుడు సన్యాసిరావు తన డొక్కమీద చెయ్యి వేసుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు. యాభైయేళ్ళుగా మోస్తున్నది ఇంత పెద్ద ఊరా అనిపించింది.

మందును ముక్కలు చేసే ఎంజైము ఏ కణంలో పుడితే ఆ కణం మిణుగురులా వెలుగుతుంది. మొదటిసారి చుట్టనీళ్ళ చుక్క వేసిననాడు పన్నెండో పలకలో వెలుగు బావి చుట్టూ సన్నటి కడియంలా ఉంది. రెండోనాటికి కడియం వెడల్పయింది. మూడోనాటికి ఆకుపచ్చని కాంతి ఒక్కో వరసా దాటుకుంటూ గుమ్మాల వైపు నడిచొచ్చింది. గుమ్మాల దగ్గరి నాలుగైదు వరసలు మాత్రం చీకటిగానే ఉండిపోయాయి. ఇంకో చుక్క వేసినా అవి వెలగలేదు. సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తేసరికి అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

"మేడమ్, అన్నీ ఒక్క తల్లికి పుట్టినవే కదండి. గుమ్మం దగ్గర వాళ్ళకి ఆ విద్య రాలేదేంటండి?" అని అడిగాడు.

డాక్టర్ మైథిలి అతని కంటే ఇరవయ్యేళ్ళు చిన్నది. చదువు గర్వం లేని మనిషి. "వాళ్ళకి తాజా రక్తం వస్తుంది సన్యాసిరావుగారూ. గాలీ తిండీ ముందు వాళ్ళకే. వాళ్ళ పనులు వేరు. లోపలికి వెళ్ళేకొద్దీ రక్తంలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఆ చివర, బావి దగ్గరి వరసల వాళ్ళే మందుల్నీ విషాల్నీ విరగ్గొట్టేది. పొగ తగిలేకొద్దీ ఆ పనికి ఇంకా సిద్ధమవుతారు. ఎందుకలాగ అంటే సగమే చెప్పగలను."

"మిగతా సగమండి?"

"అది తెలీదు కాబట్టే కదా మనకి జీతాలిస్తున్నారు."

సన్యాసిరావు నవ్వాడు గానీ ఆ రోజంతా ఆ చివరి వరసల గురించే ఆలోచించాడు. పెళ్ళిలో మొదటి బంతివాళ్ళకి వేడి అన్నం, నెయ్యి. ఆఖరి బంతికి మిగిలింది పెడతారు. గుండిగలు తోమేది కూడా ఆ ఆఖరి బంతివాళ్ళే. తల్లి పోయాక తమ్ముళ్ళందరికీ పెట్టి ఆఖర్న తిన్న అక్క గుర్తొచ్చింది.

కొండమ్మకి ఊపిరితిత్తుల జబ్బు. పది అడుగులు వేస్తే నిలబడి గాలి వెతుక్కోవాలి. పరిశోధనాలయంలో తయారైన కొత్త మందు ఆ జబ్బుకి బాగా పనిచేస్తుంది. అయితే చుట్టకి అలవాటుపడిన కాలేయం దాన్ని ఊపిరితిత్తులకి చేరకముందే ముక్కలు చేసేస్తుంది. అందుకే ఎవరి పలక చూసి వాళ్ళకి మోతాదు కడతారు. పేషంట్ల అలవాట్లన్నీ ముందే కాగితం మీద రాసుకుంటారు. కొండమ్మ కాగితంలో 'చుట్టలు, రోజుకి ఆరు' అని ఉంది. పన్నెండో పలకలో వెలుగు చూసి డాక్టర్ మైథిలి ఆమెకి మామూలుకు మూడింతల మోతాదు రాసింది.

మొదటి మందుపొట్లం సన్యాసిరావే స్వయంగా తీసుకెళ్ళాడు. కొండమ్మ అరుగుమీద ఎండుచేపలు ఏరుతూ ఉంది. ఆ పల్లెలో ఆడవాళ్ళు చాలామంది లాగే అడ్డపొగ పీలుస్తుంది, అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంటుంది. తమ్ముణ్ణి చూసి చుట్ట తీసి, నిప్పు కొబ్బరిచిప్పలో దులిపింది.

"ఒరే సన్నాసీ, నా కార్జం మీ కొండమీద గాజుపెంకులో ఉన్నాదంతగదా. దానికి తిండేటి పెడతన్నావు?"

"నువ్వు తిన్నదేనక్కా. కాఫీ, పసుపు, నీ చుట్ట."

"సుట్ట కూడానా? అయితే అది మారాణీ. నాను ఎండల సేపలమ్ముకోవాల, అది ఏసీల కూకుని సుట్ట కాలస్తాదన్నమాట."

నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. సన్యాసిరావు పొట్లం ఆమె చేతిలో పెట్టి అన్నాడు. "మందు మనుషులు చేసిందే అక్కా. పని చేయించేది అమ్మవారు. ఏదైనా మొక్కుకో. నీకు బాగా ఇష్టమైంది ఒకటి ఆవిడకి వదిలెయ్."

"ఏటి ఒగ్గీమంతావు?"

"నాకు చెప్పకు. మొక్కు తీరేదాకా నోట అనకూడదని అమ్మ చెప్పేది కాదా? అంటే ఫలం పోద్ది."

కొండమ్మ నూకాలమ్మ గుడి ఉన్న వైపు చూసి కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. ఏమనుకుందో అతను అడగలేదు. అడగకపోవడమే భక్తి అనుకున్నాడు.

మూడు వారాలు గడిచాయి. పరిశోధనాలయం నర్సు ఫోన్ చేసినప్పుడల్లా "బాగున్నానమ్మా" అనేది కొండమ్మ. నెలకోసారి తీసే రక్తపరీక్ష దసరా వెళ్ళాక ఉంది. కొండమీద సన్యాసిరావు రోజూ చుట్ట వెలిగించి చుక్క వేస్తూనే ఉన్నాడు. సాయంత్రం ఇంటికి వెళ్తే భార్య వరహాలు చొక్కా వాసన చూసి, "ఈ వయసుల కొత్తగా నేర్సినారేటి?" అని ఆటపట్టించేది.

అష్టమినాడు పరిశోధనాలయంలో ఆయుధపూజ. సూక్ష్మదర్శినికి, పంపులకి, పలకలుండే వెచ్చటి పెట్టెకి బొట్లు పెట్టారు. గుమ్మానికి మామిడాకులు, బంతిపూలు కట్టారు. డాక్టర్ మైథిలి తనే గుమ్మడికాయ కొట్టింది. తర్వాత రెండు రోజులు సెలవు. పోషకద్రవాన్నీ, అందులో కలిపిన అక్క మోతాదు మందునీ పంపే పంపులు వాటంతట అవే నడుస్తాయి. చుట్టచుక్క మాత్రం చేత్తో వెయ్యాలి. "వచ్చి వేస్తాను మేడమ్" అని సన్యాసిరావు మాట ఇచ్చాడు. కానీ అందరూ వెళ్ళాక, కర్పూరం వాసన ఇంకా పోని ఆ గదిలో చుట్ట తీస్తే చెయ్యి రాలేదు. పూజ చేసిన చోట పొగాకు కాలుస్తామా? దశమి వెళ్ళనీ, మూడు రోజులకి ఏమవుతుంది అనుకున్నాడు. పెట్టెకి దండం పెట్టి, తాళం వేసి వెళ్ళిపోయాడు.

దశమి మధ్యాహ్నం వరహాలుతో కలిసి అక్కని చూడడానికి వెళ్ళాడు. వీధి మొగలోనే డప్పు వినిపించింది. కొండమ్మ ఇంటి ముందు జనం. అరుగుమీద పీట వేసి ఆమెని కూర్చోబెట్టారు. ముఖం నిండా పసుపు, నుదుట పెద్ద కుంకుమ బొట్టు. రెండు చేతులూ వణుకుతున్నాయి. కళ్ళు రెప్ప వెయ్యకుండా మెరుస్తున్నాయి. పక్కింటి నరసయ్యమ్మ ఎదురొచ్చి చెప్పింది. "అమ్మ పూనినాది బావూ. పదిరోజులై కునుకు నేదు, కూడు దిగదు. అడిగినోళ్ళకి అడిగినట్టు సెప్తంది. ఊపిరి సూడు, ఎలాగాడతందో."

నిజమే. అక్క ఊపిరి ఎక్కడా తట్టుకోకుండా తేలిగ్గా ఆడుతోంది. నిలబడి పది అడుగులు నడిచి వచ్చి, ఆయాసం లేకుండా, వణికే అరచేతిని తమ్ముడి తలమీద పెట్టింది. సన్యాసిరావు వంగి అక్క కాళ్ళకి దండం పెట్టాడు. లేస్తూ చూస్తే కొబ్బరిచిప్ప గోడ వారన బోర్లించి ఉంది. అమ్మవారున్న చోట పొగ ఎందుకుంటుందిలే అనుకున్నాడు.

తిరుగు బస్సులో వరహాలు అంది. "వొదిన సెయ్యి పట్టుకుంటే నాడి గుర్రంలాగ పరిగెడతందండి. పెదాలు ఎండిపోనాయి. నాకెందుకో బెంగగా ఉంది."

"అమ్మవారిని శంకించకు."

"అమ్మవారిని కాదు. నాను వొదిన గురించి అంతన్నాను."



ఏకాదశి పొద్దున పరిశోధనాలయం తెరిచేసరికి ఇంకా ఎవరూ రాలేదు. పన్నెండో పలకని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. వెలుగు తగ్గిపోయింది. గుమ్మాల వైపు పరుచుకున్న ఆకుపచ్చ కాంతి వరస వరసా వెనక్కి వెళ్ళిపోయి, బావి చుట్టూ సన్నటి కడియమై మిగిలింది. బావిలోంచి వచ్చే ద్రవంలో మందు ఎంత మిగిలిందో చెప్పే కాగితం చూశాడు. రోజూ లేత పసుపుగా ఉండే కాగితం మిరపపండులా ఎర్రబడింది. మూడింతల మందు విరగకుండా అలాగే బయటికి వచ్చేస్తోంది.

తన తప్పు బయటపడుతుంది. గబగబా చుట్ట తీశాడు. ఇప్పుడు రెండు చుక్కలు వేస్తే ఎల్లుండికి వెలుగు మళ్ళీ వస్తుంది. ఎవరికీ తెలియదు. అగ్గిపుల్ల గీశాడు.

గోడ వారన బోర్లించిన కొబ్బరిచిప్ప కళ్ళముందు నిలిచింది.

పుల్ల వేలిదాకా కాలి చురుక్కుమన్నాకే ఆర్పాడు. మూడు రోజులు పొగ లేకపోతే ఇక్కడ ఇంత జరిగింది. అక్కడ మూడు వారాలు. అక్క అమ్మవారికి వదిలేసింది ఏమిటో ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఆ వణుకు, నిద్ర లేకపోవడం, గుర్రంలాంటి నాడి ఏమిటో కూడా తెలిసింది. తను దండం పెట్టింది దేనికో తెలిసింది.

డాక్టర్ మైథిలికి ఫోన్ చేశాడు. "మేడమ్, నేను మూడు రోజులు పొగ వెయ్యలేదండి. వేస్తానని వెయ్యలేదు. దానికి మీరేం చేసినా సరే. కానీ మా అక్క అక్కడ చుట్ట మానేసినట్టుందండి."

"ఎన్నాళ్ళయింది?"

"మందు మొదలైన రోజునించే అనుకుంటానండి. మొక్కు. నేనే పెట్టుకోమన్నాను."

"వ్యాన్ తెప్పిస్తున్నాను. మందు వేసుకోవద్దని ఈలోగా ఆవిడకి చెప్పండి."

నరసయ్యమ్మ ఫోన్‌లో కొండమ్మ దొరికింది. "అక్కా, మొక్కేంటో చెప్పకు. ఒక్కటే చెప్పు. చుట్ట తాగుతున్నావా, లేదా?" అని అడిగాడు. అవతల ఊపిరి మాత్రమే వినిపించింది. చెప్పకూడదు కాబట్టి ఆమె చెప్పలేదు. ఆ మౌనమే జవాబు. "ఈ పూట మాత్ర వేసుకోకు" అన్నాడు.

"ఏసీసుకున్నానురా. పొద్దున్నే. అమ్మ పెసాదంలాగ కళ్ళకద్దుకుని మరీ ఏసుకున్నాను."

వ్యాన్‌లో సన్యాసిరావూ డాక్టర్ మైథిలీ చేరేసరికి కొండమ్మ అరుగుమీద పడి ఉంది. ఫిట్స్ వచ్చి అప్పుడే తగ్గాయి. నాలిక కొరుక్కుంది. చుట్టూ ఆడవాళ్ళు వేపమండలతో విసురుతున్నారు. డప్పు ఇంకా మోగుతూనే ఉంది. సన్యాసిరావు డప్పుమీద చెయ్యి పెట్టి ఆపాడు. ఆ పని తను చేస్తాడని అంతకుముందు ఎవరైనా చెప్పి ఉంటే చెంపలు వేసుకునేవాడు.

ఆస్పత్రిలో ఆరు రోజులు. రెండు రోజులు తెలివి లేదు. గుండె ఆగిపోతుందేమోనని తెర మీద గీతను చూస్తూ డాక్టర్ మైథిలి కుర్చీలోనే కూర్చుంది. సన్యాసిరావు విష్ణు సహస్రనామం మొదలుపెట్టి, మధ్యలో మరిచిపోయి, మళ్ళీ మొదటికి వచ్చేవాడు. మూడోనాటికి ఒంట్లో మందు తగ్గింది, నాడి దిగింది. కొండమ్మ కళ్ళు తెరిచి ఆకలంది. చేతుల వణుకు పోయింది గానీ కుడిచేతి బొటనవేలు మాత్రం ఆడుతూనే ఉంది. అది పోతుందో లేదో చెప్పలేమన్నారు.

"తప్పు నాదే మేడమ్" అన్నాడు సన్యాసిరావు.

డాక్టర్ మైథిలి తల అడ్డంగా ఊపింది. "పలక అబద్ధం చెప్పలేదు. మనం చెప్పినదాన్ని నమ్మింది. ఏం తాగుతారు, ఏం తింటారు అని మన కాగితంలో అడిగాం. ఏం మానేశారు అని అడగలేదు. ఇక్కడి మనుషులు దేవుడికోసం ఏదో ఒకటి మానేస్తూనే ఉంటారని నాకు తట్టలేదు. మా నాయనమ్మ కాశీలో వంకాయ వదిలేసింది. అయినా తట్టలేదు."

మోతాదు మూడో వంతుకి తగ్గించి కొండమ్మని ఇంటికి పంపారు. ఊపిరి బాగానే ఉంది. కానీ ఇంటి ముందు జనం లేరు. పసుపు తెచ్చేవాళ్ళు లేరు. మందు వికటించి వచ్చిన వణుకట అని వీధంతా తెలిసిపోయింది. పీట గోడకి చేరేసి ఉంది. కొండమ్మ ఎండుచేపలు ఏరుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"అయితే అమ్మ రానేదన్నమాట."

సన్యాసిరావు తేలిక మాట చెప్పలేకపోయాడు. "వణుకు మందుదే అక్కా. అందులో సందేహం లేదు. అమ్మ సంగతి నాకు తెలీదు. పూజ చేసిన గదిలో పొగ పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. పొగ ఆగబట్టే సంగతి తెలిసింది. నా చెయ్యి ఎవరాపారో నేను చెప్పలేను."

కొండమ్మ ఏరుతున్న చేపలు పక్కకి నెట్టింది. తర్వాత, "నాకు దాన్ని సూపించు" అంది.

మర్నాడు ఆమెని కొండమీదికి తీసుకొచ్చాడు. మెట్లు తనే ఎక్కింది, ఎక్కడా ఆగకుండా. మైథిలి కుర్చీ వేసి సూక్ష్మదర్శిని సరిచేసింది. సెలవులు అయ్యాక పన్నెండో పలకకి చుట్టచుక్క మళ్ళీ మొదలైంది. పొగ ఉన్న కాలేయం, మానేసిన కాలేయం, ఒకే మనిషివి రెండూ పోల్చి చూస్తే ఎంతోమందికి మోతాదు సరిగ్గా కట్టవచ్చని మైథిలి ఆలోచన. వెలుగు మళ్ళీ గుమ్మాల దగ్గరికి వచ్చేసింది.

కొండమ్మ కన్ను ఆనించి చూసింది. ఎండుచేపల వాసన వేసే ఆ చేతులు బల్ల అంచుని గట్టిగా పట్టుకున్నాయి.

"ఓలమ్మో. ఇది నానేనా?"

"నువ్వేనక్కా."

"ఈ ఎలుగంతా?"

"నువ్వే."

"మరి ఈ అంచున నల్లగున్నోళ్ళు?"

"వాళ్ళది వేరే పనక్కా. విషం విరగ్గొట్టేది నడిమి వాళ్ళు. తాజా రక్తం అందనివాళ్ళు. ఆఖరి బంతి."

"ఆఖరి బంతోళ్ళకే ఎలుగన్నమాట" అని మెల్లగా అనుకుని, కొండమ్మ మళ్ళీ వంగి చూసింది. చూసి చూసి, ఉన్నట్టుండి తల ఎత్తింది. ముఖం మారిపోయింది.

"ఒరే సన్నాసీ. నాను మానీసిన నాటి నుండీ నువ్వు ఇక్కడ దీనికి సుట్ట పెడతానే ఉన్నావేటి?"

"ఊఁ."

"ఇయాల కూడా?"

"ఇవాళ కూడా అక్కా."

"అయితే నా మొక్కు తీరనేదురా. అక్కడ నోరు మానీసినాది. ఇక్కడ నా కార్జం కాలస్తానే ఉన్నాది. అమ్మకి నాను సగమే ఒప్పజెప్పినాను."

ఇన్నేళ్ళ పూజల్లో ఇలాంటి ప్రశ్న సన్యాసిరావుకి ఎప్పుడూ రాలేదు. ఒక మనిషి ఎక్కడి దాకా మనిషి? చెంచాడు రక్తం బయటికి వెళ్ళి బతికితే ఆ బతుకు చేసిన పని ఎవరి ఖాతాలోది? అతను మైథిలి వైపు చూశాడు. పలకకి పొగ ఆపితే ఆమె ఏడాది పని సగంలో ఆగిపోతుంది. ఆపమని కొండమ్మ గొంతెత్తి అడగలేదు. వణికే బొటనవేలిని మరో చేత్తో పట్టుకుని కూర్చుంది, అంతే.

మైథిలి పెట్టె పక్కనున్న పంపు దగ్గరికి వెళ్ళి, చుట్ట గొట్టం ఊడదీసింది. పసుపు తిరిగిన నీళ్ళు సింకులో పారబోసి, గొట్టం కడిగి, బోర్లించి పెట్టింది. తర్వాత పన్నెండో నంబరు కాగితం తీసి, 'చుట్టలు, రోజుకి ఆరు' అన్నది కొట్టేసింది. దాని కింద కొత్త వరస ఒకటి రాసింది. 'దేవుడికి వదిలేసింది ఏదైనా ఉందా? చెప్పకూడదంటే తల ఊపితే చాలు.' సన్యాసిరావుకి చూపించి, "ఇలా అడిగితే తప్పు లేదు కదా?" అంది.

అతను, "తల ఊపడం నోట అనడం కాదు కదండి" అన్నాడు.

ఆ తర్వాత మూడు రోజులూ కొండమ్మ తమ్ముడి ఇంట్లోనే ఉండి, అతనితో పాటు కొండెక్కి వచ్చింది. రోజూ ఒక్కసారి కన్ను ఆనించి చూసేది. మొదటి రోజు గుమ్మాల వైపు వెలుగు పలచబడింది. రెండో రోజు ఇంకో మూడు వరసలు చీకటయ్యాయి. మూడో రోజుకి బావి చుట్టూ సన్నటి కడియం మిగిలింది. అది తగ్గలేదు, ఆరలేదు. కాగితం లేత పసుపులో ఉంది, కొత్త మోతాదుకి సరిపోయినట్టు.

కొండమ్మ చాలాసేపు చూసి, లేచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, పలకకి రెండు చేతులూ జోడించింది. ఎవరికి పెట్టిందో సన్యాసిరావు అడగలేదు.

"ఇప్పుడు సెప్పొచ్చురా" అంది. "నాను ఒగ్గీసింది సుట్ట."